పుస్తకం ముందా, సినిమా ముందా? మూడు నవలలకు వరస చెప్పండి

పెన్నేటిగట్టు (కడప):
ఎర్రముక్కపల్లెలో పన్నెండు మందిమి నెలకొక ఆదివారం కూర్చుని, ఒక నవలా దాని మీద తీసిన సినిమా పక్కపక్కన పెట్టి మాట్లాడుకోవాలని అనుకుంటున్నాం. మొదటి మూడు నెలలకు మూడు జతలు: కొండపొలం, నారప్ప (దీనికి మూలం పూమణి తమిళ నవల 'వెక్కై'), పొన్నియిన్ సెల్వన్ (చోళ రాజుల కాలం మీద కల్కి రాసిన తమిళ నవల). సగం మంది డిగ్రీ పిల్లోళ్ళు, సగం మంది ఉద్యోగాలోళ్ళు. పుస్తకం ముందంటే సగం మంది చదవకుండానే వస్తారు. సినిమా ముందంటే 'కథ తెలిసిపోయింది కదా' అని పుస్తకం తెరవనే తెరవరు. దేనికి ఏ వరస పెట్టాలో, ఎందుకో కారణంతో చెప్పగలరా? 'రెండూ బాగుంటాయి' అనే జవాబు మాత్రం వద్దు.

గడియారస్తంభం (అనంతపురం):
మూడింటికీ ఒకే వరస పెట్టొద్దప్పా. ముందు ఒక లెక్క చూడండి. మూడొందల పేజీల నవల, గంటకు ముప్పై పేజీల చొప్పున చదివినా పది గంటలు. సినిమా రెండున్నర గంటలు. అంటే నాలుగింట మూడొంతులు ఎట్లైనా రాలిపోవాల్సిందే. మొదట రాలేవి ఎప్పుడూ అవే: మనిషి లోపలి ఆలోచన, రుతువులు మారడం, పక్క పాత్రలు. ముగ్గురు చిన్నాన్నలుంటే ఒక చిన్నాన్న అయిపోతారు. కాబట్టి నవల బలం ఆ రాలిపోయే వాటిలో ఉంటే పుస్తకం ముందు. బలమంతా సంఘటనల్లో ఉంటే సినిమా ముందు చూసినా నష్టం తక్కువ.

నారప్ప సంగతి వేరే. దీనికి నేనైతే సినిమానే ముందు పెడతా. ఎందుకంటే వెక్కై (1982) చిన్న నవల, దాని నడక కూడా సినిమా నడక కాదు. పదిహేనేళ్ళ పిల్లోడు చేయి నరకాలని పోయి మనిషినే చంపేస్తాడు, నవల అక్కడే మొదలవుతుంది. ఆ తరవాత ఎనిమిది రోజులు తండ్రీ కొడుకులు అడవులూ గుట్టలూ పట్టుకుని దాక్కుంటూ తిరగడం, అంతే. తండ్రి పడుచువయసు కథ అంటూ తెర మీద అంతసేపు నడిచే భాగం నవలలో లేదు. అది 2019లో తమిళ 'అసురన్' కోసం అల్లింది. 2021లో దాన్నే మన అనంతపురం జిల్లాకు మార్చి నారప్ప చేసినారు. ముందు నవల చదివినోళ్ళు సినిమా రెండో సగమంతా 'ఇది యాడనుంచి వచ్చింది' అనుకుంటూ కూర్చుంటారు. ముందు సినిమా చూసినోళ్ళకు నవలలో ఆ తండ్రి మౌనం కొత్తగా కనబడుతుంది. ఆయన గతం చెప్పకపోయినా బరువు తెలుస్తుంది, అది ఎట్ల సాధ్యమైంది అని అడగడానికి వీలుంటుంది.

ఒక చిక్కుంది. వెక్కై తమిళం, అది రానోళ్ళకు ఇంగ్లీషులో 'హీట్' పేరుతో అనువాదం ఉంది. ఇంగ్లీషు కష్టమనేవాళ్ళ కోసం మీలో ఒకరు మొదటి ఇరవై పేజీలు తెలుగులో చెప్పేటట్టు ముందే ఒప్పుకోండి. సమావేశం రోజు పొద్దున ఆ మాట గుర్తొస్తే లాభం లేదు.

నల్లమల అంచు (ఆత్మకూరు, కర్నూలు):
పైన అన్నది నారప్పకు సరే గానీ, కొండపొలానికి మాత్రం పుస్తకమే ముందు. ఇందులో బేరం లేదు.

సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి మీ కడప జిల్లా మనిషే. కరువొచ్చి ఊళ్ళో మేతా నీళ్ళూ అయిపోతే జీవాలను తోలుకుని అడవికెక్కడమే కొండపొలం. ఆ నవల సత్తువంతా పనిలో ఉంది: మంద ఎట్ల నడుస్తుంది, రాత్రి ఎవరు మేలుకుంటారు, పులి వాసన మందకెట్ల తెలుస్తుంది, మనిషి ఎప్పుడు అరవాలి, ఎప్పుడు అరవకూడదు. చదివేటప్పుడు కాలం గొర్రె నడక మాదిరి మెల్లగా పోతుంది. ఆ మెల్లదనమే భయాన్ని పెంచుతుంది. సినిమాకు (2021, దర్శకుడు క్రిష్) అంత ఓపిక కుదరదు, అది దాని తప్పు కాదు.

ఇంకొకటి. తెర మీద ఓబులమ్మతో నడిచే ప్రేమకథ సినిమా కోసం చేర్చింది. సినిమా ముందు చూస్తే చదివేటప్పుడు ప్రతి అధ్యాయంలో ఆ అమ్మాయి ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తారు. ఆమె రాదు. రానందుకు నవల మీద విసుగొస్తుంది, చేయని తప్పుకు శిక్ష. పుస్తకం ముందు చదివినోళ్ళు మాత్రం 'దర్శకుడు ఈమెను ఎందుకు తెచ్చినాడు, ఈమె వల్ల హీరో భయం తగ్గిందా పెరిగిందా' అని అడగగలరు. ఈ ప్రశ్నకు సినిమా గెలిచినా గెలవొచ్చు, చూడండి.

అడవి సంగతి కూడా. షూటింగు ఎక్కువ భాగం వికారాబాద్ అడవుల్లో జరిగింది. నల్లమల తెలిసిన కంటికి చెట్టూ రాయీ తేడా కొడతాయి. ముందు చదివితే మీ మనసులో మీ అడవి నిలుస్తుంది, ఆ తరవాత తెర ఎంత చూపినా అది చెరిగిపోదు. ఒక్కటి మాత్రం మెచ్చుకోవాలి. సీమ అంటే సుమోలు గాల్లోకి లేవడమే అనుకునే తెలుగు తెర మీద గొర్రెల కాపరి కథానాయకుడు కావడం చిన్న సంగతేం కాదు.

చదవడానికి నాలుగు వారాలు పెట్టుకోండి. సీమ మాటలు తెలియని పిల్లోళ్ళుంటే మొదటి యాభై పేజీలు గట్టిగా పైకి చదివించండి. కంటికి అర్థం కాని మాట చెవికి అర్థమవుతుంది. సినిమా మాత్రం సమావేశానికి రెండు రోజుల ముందు చూస్తే చాలు.

రాయలకోట (గుర్రంకొండ వైపు):
పొన్నియిన్ సెల్వన్ ఒక నెలలో కాదు. కల్కి రాసింది ఐదు సంపుటాలు, రెండు వేల పేజీలకు పైమాటే. 1950 నుంచి 54 దాకా వారంవారం పత్రికలో వచ్చింది. అందుకే దాదాపు ప్రతి అధ్యాయం చివర 'తరవాత ఏమైంది' అని లాగే ఒక కొక్కెం ఉంటుంది. దీన్ని ఏకబిగిన చదివితే అలసట వస్తుంది, రోజుకు మూడు నాలుగు అధ్యాయాలు చాలు.

దీనికి వరస మధ్యలో విరగ్గొట్టాలి. ముందు మొదటి సినిమా (2022) చూడండి. కారణం పేర్లు. వల్లవరాయన్ వందియదేవన్, అరుణ్మొళి వర్మన్, పళువేట్టరైయర్ అన్నదమ్ములిద్దరు... ముఖాల్లేకుండా ఈ పేర్లతో పెనుగులాడి వందో పేజీకే పుస్తకం మూసేసేవాళ్ళు ఎక్కువ. తెర చూసిన తరవాత ముఖం పేరును పట్టుకుంటుంది. ఆ సినిమా ఓడ మునిగే తుపానుతో ఆగుతుంది, అంటే సుమారుగా మొదటి రెండు సంపుటాలు. అప్పుడు మొదటి సంపుటం నుంచే చదవడం మొదలుపెట్టండి, మూడో సంపుటానికి దూకొద్దు. నవల వందియదేవన్ ఆడిపెరుక్కు (తమిళుల ఆడి నెల నీళ్ళ పండగ) నాడు వీరనారాయణ చెరువు గట్టున గుర్రమెక్కి వస్తుండగా మొదలవుతుంది. సినిమా యుద్ధంతో మొదలవుతుంది. ఈ ఒక్క తేడా మీదే గంట మాట్లాడుకోవచ్చు.

రెండో సినిమా (2023) మాత్రం ఐదో సంపుటం అయ్యేదాకా ముట్టొద్దు. చోళ యువరాజు ఆదిత్య కరికాలుణ్ణి ఎవరు చంపినారన్నది కల్కి తేల్చకుండా వదిలేసినాడు. అనుమానాలు నాలుగు వైపులా పోతాయి. తెర మీద ఒక జవాబు చూపిస్తారు. ఆ జవాబు ఒకసారి కంట పడితే నవలలోని తికమక మళ్ళీ రాదు. మణిమేకలై అనే పాత్ర కూడా సినిమాలో లేదు. ముందు చదవనోళ్ళకు ఆ లోటే తెలియదు.

ఐదు సంపుటాలు చదవలేమనుకుంటే మొదటి సంపుటమూ మొదటి సినిమా జతగా పెట్టుకుని ఆపేయండి. దాంట్లో సిగ్గేం లేదు.

పెన్నేటిగట్టు:
బాగుంది, ముగ్గురికీ దండాలు. ఇంకొక చిక్కు. ఎంత చెప్పినా ముగ్గురు నలుగురు చదవకుండానే వస్తారు. వాళ్ళను పంపించేయాల్నా? పైగా చదివినోళ్ళు 'అది లేదు, ఇది లేదు' అని చిట్టా చదవడమే చర్చ అయిపోతుందేమో అనిపిస్తుంది.

గడియారస్తంభం:
పంపొద్దు, వాళ్ళతోనే మొదలుపెట్టండి. మొదటి ఇరవై నిమిషాలు సినిమా మాత్రమే చూసినోళ్ళు మాట్లాడాలి, చదివినోళ్ళు నోరు మెదపకూడదు. 'ఫలానావాడు అప్పుడు అట్ల ఎందుకు చేసినాడో నాకు అర్థం కాలేదు' అని వాళ్ళంటారు చూడండి, సరిగ్గా అక్కడే నవలలోది ఏదో సినిమాలో రాలిపోయి ఉంటుంది. ఆ చోటుకు పేజీ తీసి చదివినోళ్ళు జవాబు చెప్పాలి. చిట్టా దానంతట అదే ఆగిపోతుంది.

తరవాత ఒకే ఒక్క ఘట్టం తీసుకోండి. పుస్తకంలో ఎనిమిది, పది పేజీలకు మించకూడదు. పైకి చదివి, వెంటనే తెర మీద అదే ఘట్టం మళ్ళీ పెట్టండి. ఎవరి కంటితో చూస్తున్నాం, యాడ మొదలై యాడ ఆగింది, ఏం పోయింది, ఏం కొత్తగా చేరింది. ఫోనులో చూపిస్తే పన్నెండు మందికి కుదరదు, టీవీకి కలిపే ఏర్పాటు ముందురోజే చూసుకోండి.

అసలు చదవని వాళ్ళకోసం మొదటి నెల పెద్ద నవల ఎత్తుకోకుండా చిన్న కథతో మొదలుపెడితే మేలు. ప్రేమ్‌చంద్ హిందీ కథ 'కఫన్' అరగంటలో అయిపోతుంది. దాన్ని మృణాల్ సేన్ 1977లో తెలుగులో 'ఒక ఊరి కథ'గా తీసినాడు. ఇక్కడ లెక్క తిరగబడుతుంది. కథలోంచి తీసేయాల్సింది ఏమీ లేదు, చేర్చాల్సిందే ఉంది. కథ మొదలయ్యేటప్పటికే ఆ ఇంటి కోడలు లోపల నొప్పులు పడుతుంటుంది, తండ్రీ కొడుకులు బయట దుంపలు కాల్చుకుంటుంటారు. సినిమాలో ఆమె ఆ ఇంటికి రావడం నుంచి చూస్తాం. కథను అక్కడే కూర్చున్నప్పుడు చదివించి, వెంటనే సినిమా పెట్టొచ్చు. చదవలేదనే సాకుండదు.

బురుజు నీడ (కర్నూలు):
ఒక జాగ్రత్త. పేరు చూసి జత కట్టొద్దు. 1960లో వచ్చిన 'చివరకు మిగిలేది' సినిమాకూ బుచ్చిబాబు నవలకూ పేరొక్కటే, సంబంధం లేదు. అది బెంగాలీ సినిమా 'దీప్ జ్వేలే జాయ్'కి తెలుగు రూపం. జాబితా వేసే ముందు టైటిల్సులో 'మూలకథ' అని ఎవరి పేరుందో ఆపి చూడండి. పన్నెండు మందికీ చెప్పేసినాక తెలిస్తే తలనొప్పి.

పెన్నేటిగట్టు:
అయితే వరస ఇట్ల: మొదటి నెల కఫన్, రెండో నెల కొండపొలం (పుస్తకం ముందు), మూడో నెల నారప్ప (సినిమా ముందు). పొన్నియిన్ సెల్వన్‌కు ఉగాది నుంచి నాలుగు నెలలు వేరుగా పెడతాం. హీట్ తెలుగులో చెప్పేవాళ్ళను ఈ వారమే పట్టుకుంటా.