పక్షి ముక్కు ఆకారం నిర్ణయించేది సంకేతమిచ్చే పొరా, అందుకునే కణాలా?

పైపొర_పక్షం:
కోడి పిండంలో రెక్క మొగ్గ (రెక్కగా ఎదిగే బుడిపె) కొసన ఎక్టోడెర్మ్, అంటే పైపొర, సన్నని గట్టులా లేస్తుంది. 1948లో జీవశాస్త్రవేత్త జాన్ సాండర్స్ దాన్ని కోసి తీసేస్తే రెక్క ఎదుగుదల అక్కడితో ఆగిపోయింది. తొందరగా తీస్తే మోచేతి కింద ఏమీ రాలేదు, ఆలస్యంగా తీస్తే వేళ్లు మాత్రమే పోయాయి. ముఖంలోనూ ఇదే తీరు. ముక్కు రాబోయే చోట సోనిక్ హెడ్జ్‌హాగ్, ఎఫ్‌జీఎఫ్8 జన్యువులు పనిచేసే రెండు ప్రాంతాలు ఎక్టోడెర్మ్‌లో ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. 2003లో ఆ ముక్కను తీసి వేరే చోట అతికిస్తే అక్కడ అదనంగా ముక్కు భాగాలు పెరిగాయి. ఆకారం పైపొర చేతిలోనే ఉందనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

రెక్కమొగ్గ:
మీరు చెప్పిన ప్రయోగాన్నే పూర్తిగా చూడండి. అదే ముక్కను కింది దవడలో పెడితే వచ్చినవి కింది ముక్కు భాగాలు, పైవి కావు. పొర "ఇక్కడ పెరగండి" అంది. ఏమై పెరగాలో అక్కడి కణాలు తేల్చుకున్నాయి.

నాకు అన్నిటికన్నా బలంగా అనిపించేది 1957 నాటి ప్రయోగం. కోడి పిండంలో తొడ కావలసిన కణజాలాన్ని తీసి రెక్క గట్టు కింద పెట్టారు. ఆ కణాలు తొడ కాలేదు, ఎందుకంటే కొసలో ఉన్నాయని గట్టు వాటికి చెప్పింది. అలాగని రెక్క కొసా కాలేదు. రెక్క చివర గోళ్లున్న కాలివేళ్లు మొలిచాయి! ఎంత దూరం పెరగాలన్నది సంకేతం మాట, తాము కాలివాళ్లమన్నది కణాల సొంత జ్ఞాపకం. పైగా గట్టు తీసేసి, ఎఫ్‌జీఎఫ్ అనే సంకేత ప్రోటీన్‌లో నానబెట్టిన పూసలు పెట్టినా అవయవం చాలావరకు పెరుగుతుంది. పూసకు రెక్క రూపం ఏం తెలుస్తుంది?

కణజాలం_కబుర్లు:
రెక్కమొగ్గ గారూ, మీరూ ఒకవైపే లాగుతున్నారు. రెక్క మొగ్గ వెనక అంచు కణాలను ముందు అంచున అతికిస్తే అద్దంలో బొమ్మలా అదనపు వేళ్లు వస్తాయి. తక్కువ కణాలు పెడితే వేళ్లూ తక్కువే. ఏ వేలు కావాలో సంకేతం మోతాదే చెబుతోందిగా? కాకపోతే ఎలుక పిండం నుంచి ఆ కణాలను తెచ్చి పెట్టినా వచ్చేవి కోడి వేళ్లే. ఆ మేరకు మీతో ఏకీభవిస్తాను.

పైపొర_పక్షం:
వేళ్ల సంగతి సరే, ముఖం విషయంలో మాత్రం నా మాట వదలను. ఎముక ఏ దిక్కుకు తిరగాలో కూడా లోపలి పొర, అంటే ఎండోడెర్మ్, చెబుతుందని 2002లో తేలింది. ఆ పొర ముక్కను తిప్పి పెడితే ఎముకా తిరిగింది.

రెక్కమొగ్గ:
దిక్కు చెప్పడం వేరు, రూపం ఇవ్వడం వేరు. ముఖపు ఎముకలు చాలావరకు న్యూరల్ క్రెస్ట్ కణాల (పిండంలో మెదడు, వెన్నుపాము ఏర్పడే చోటి అంచు నుంచి వలస వచ్చే కణాలు) నుంచి వస్తాయి. 2003లోనే ఆ కణాలను బాతు, క్వెయిల్ పిట్టల పిండాల మధ్య మార్చారు. క్వెయిల్‌కు బాతు తరహా ముక్కు, బాతుకు క్వెయిల్ తరహా ముక్కు వచ్చాయి. అంతేకాదు, వాటిని అందుకున్న పిండపు పైపొరలో జన్యువులు ఎప్పుడు పనిచేయాలో కూడా ఈ కొత్త కణాలే మార్చేశాయి. మీరు యజమాని అంటున్న పొరకే వేళలు నిర్ణయించింది దాని కింద చేరిన కణాలు. దీనికి మీ సమాధానం ఏమిటో వినాలని ఉంది.