«త్రిస్త్రీ రిషభ»మా, «త్రిస్త్రిరృషభ»మా?

పద్యప్రియ: సప్తస్వరాలకు శ్రుతులు (స్వరాల మధ్య దూరాన్ని కొలిచే చిన్న అంతరాలు) పంచే శ్లోకం చివరి పాదం దగ్గర నాలుక తడబడుతోంది. «చతుశ్చతుశ్చతుశ్చైవ షడ్జమధ్యమపంచమాః, ద్వే ద్వే నిషాదగాంధారౌ» దాకా సందేహం లేదు. ఆపైన «త్రిస్త్రీ ఋషభధైవతౌ» అని కనిపిస్తుంది. ఆ దీర్ఘం ఎక్కడిది? పైగా రి కి మూడే శ్రుతులైతే మనం పాడేది చతుశ్శ్రుతి (నాలుగు శ్రుతుల) రిషభం ఎలా అయింది?

సంధిప్రియ: త్రిః త్రిః, అంటే మూడేసి. తర్వాత అచ్చు ఉంటే విసర్గ రేఫ (ర్) అవుతుంది: త్రిస్త్రిరృషభ. దీర్ఘానికి తావే లేదు. కాబట్టి అక్కడున్నది ఋ కాదు, రి. రేఫకు రేఫ పరమైతే మొదటిది పోయి ముందరి అచ్చు దీర్ఘమవుతుంది, «పునా రమతే» లాగా.

అమరపాఠి: ఒప్పుకోను. అమరకోశంలో స్వరాల పేర్లు చెప్పే శ్లోకంలో «నిషాదర్షభగాంధార» అని గుణసంధి ఉంది కదా, ఋషభమే అసలు రూపం. స్వరక్రమం వదిలి నిషాదంతో ఎత్తుకున్నా ఆ శ్లోకం ఎంత హాయిగా నడుస్తుందో! «తంత్రీకంఠోత్థితాః» అన్న ఒక్క సమాసంలో తీగనూ గొంతునూ కూర్చేశాడు.

సంధిప్రియ: అమరుడి వాడుక అమరుడిది. ఇక్కడ లఘువులు లెక్కపెట్టండి. «త్రిస్త్రిరృషభ» అంటే 2, 3, 4 అక్షరాలు మూడూ లఘువులై నగణమవుతాయి. అనుష్టుప్పులో ఆ చోట నగణం కూడదు.

తంత్రి: రెండో ప్రశ్న మిగిలిపోయింది. ఆ లెక్క షడ్జగ్రామం అనే పాత స్వరవరుసది. సంఖ్య స్వరానికి కిందనున్న అంతరం. స-రి 3, రి-గ 2, గ-మ 4, మ-ప 4, ప-ధ 3, ధ-ని 2, ని-స 4, మొత్తం 22. స-మ 9, స-ప 13, ఇవి సంవాదులు, అంటే ఒకదానితో ఒకటి కలిసే స్వరాలు. రి-ప మాత్రం 10, కలవదు. మన చతుశ్శ్రుతి రిషభం కంపన సంఖ్య షడ్జానికి 9/8 వంతు, సుమారు 204 సెంట్లు (స్థాయిని 1200 భాగాలు చేసిన కొలత). మూడు శ్రుతులది 10/9, 182. తేడా 22 సెంట్లే, అయినా చెవికి దొరుకుతుంది. మంద్ర (కింది స్థాయి) పంచమం మోగుతుండగా రి నిలపండి. 9/8 దానికి సరిగ్గా పంచమం, కరిగిపోతుంది. 10/9 అయితే నాదం అలలుగా కొట్టుకుంటుంది. ధైవతం నుంచి దిగేటప్పుడే పొరపాటు ఎక్కువ: 5/3 ధైవతం పంచమంగా వినబడేలా రి ని వెతికితే గొంతు 10/9 లోనే కూర్చుంటుంది.

అమరపాఠి: అంతర గాంధారంలో «అంతర» కూడా ఇలాంటిదే. మధ్యమం నాలుగు శ్రుతుల్లో రెండు తీసుకుని గ-మ ల నడుమ నిలిచింది.

పద్యప్రియ: సరే, మరి «ద్వే ద్వే»? చతుః, త్రిః అన్నవాడు «ద్విర్ద్విర్నిషాదగాంధారౌ» అనొచ్చు కదా, గణాలకూ అడ్డు లేదు.