వేటకి పోని ఆడోళ్ళకి మత్స్యకార సంఘంలో పదవి ఇవ్వాలా వద్దా?

కొత్తపట్నం అమ్మాయి:
మా ఊళ్ళో సంఘం ఎన్నికల మాట వచ్చింది. ఈసారి ఆడమనిషిని అధ్యక్షురాలిగా పెడదామని కొందరం అంటే, సముద్రంలోకి పోనోళ్ళకి సంఘం ఎందుకని పెద్దోళ్ళు కొట్టిపారేశారు. మా అమ్మ గంప పక్కన కూర్చుని పెరిగినదాన్ని, నాకా మాట మింగుడు పడలా. ఐసు కొనేది, చేపకి ఉప్పేసి ఎండబెట్టేది, ఒంగోలు దాకా మోసుకెళ్ళి అమ్మేది, వల చిరిగితే అప్పు తెచ్చేది ఎవరు మరి? మీ ఊళ్ళల్లో ఎట్టా ఉందో చెప్పండి.

జువ్వలదిన్నె బోటు:
అక్కా, ఆడోళ్ళ కష్టాన్ని నేను కాదనను. కానీ రాత్రి రెండింటికి ఫోన్ వస్తాది, తమిళనాడు పెద్ద బోట్లు వచ్చి వలలు తెంచుకుపోయినాయని. ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపల మరబోట్లు వేటాడకూడదని 1994 చట్టం కింద రూలు ఉండాది, ఉండి ఏం లాభం, కాపలా కాసుకునేది మనమే. ఆ టయానికి పడవెక్కి పోయేవాడే కదా తెల్లారి ఆఫీసర్ల ముందు మాట్లాడాల్సింది. ఇంకోటి, పీఎంఎంఎస్‌వైలో, అదే కేంద్రం మత్స్యకారులకిచ్చే పథకంలో, ఆడోళ్ళ పేరు మీదైతే 60 శాతం సబ్సిడీ, మన బీసీ మగోళ్ళకి 40. ఏమయింది? అప్లికేషన్ పెళ్ళాం పేరున, బండి తాళాలు మొగుడి జేబులో. సంఘం పదవీ అట్టానే అవుతాది.

సింగరాయకొండ మాష్టారు:
తాళాలు మొగుడి జేబులో ఉంటే తప్పు జేబుదా, ఆమెదా తమ్ముడూ? అయినా పదవి కంటే ముందు సభ్యత్వం సంగతి చూడండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం, ఆ రోజులకి ప్రభుత్వం 2025 నుంచి ఇస్తున్న 20 వేలు బోటు మీద పోయే మనిషి పేరునే పడతాయి. ఆ 2 నెలలు చేప లేక గంప బోర్లించి కూర్చున్న ఆమె ఏ లెక్కలోనూ లేదు. లెక్కలో లేని మనిషిని అధ్యక్షురాల్ని ఎట్టా చేస్తారు?

కొత్తపట్నం అమ్మాయి:
మాష్టారు గారూ, సరిగ్గా అక్కడే ఉంది మా గొడవ. అన్నా, నువ్వు చెప్పిన కాపలా సంగతి నిజమే, మా నాన్న కూడా పోయొచ్చినోడే, కానీ సంఘం పనంతా కాపలాయేనా? మొన్న మా అమ్మ చేపల వేలం పాటలో ఒక తట్ట పాడుకుంది, ఇంటికొచ్చి వొంపితే పైన నాలుగు కానాగంతలు, అడుగంతా నా వేలంత లేని వంజరం పిల్లలు, అమ్మ ఒకటి అరచేతిలో పెట్టుకుని, ఇది పెరిగితే మూడు కిలోలు తూగేదే, ఇప్పుడు కోళ్ళ మేతకి పోతుంది అని చాలాసేపు చూస్తా కూర్చుంది. వల కన్ను, అదే వల గడి, చిన్నదైపోయిందని ఊళ్ళో ముందు తెలిసేది తట్ట వొంపే వాళ్ళకి. సంఘం మీటింగులో ఆ ముక్క చెప్పే మనిషి లేదు, ఉంటే ఏ వల ఆపాలో తీర్మానమన్నా చేసేవాళ్ళు. పాట ఏ టయానికి పెట్టాలి, ఐసు ఎవరి దగ్గర తేవాలి, షావుకారు బాకీ కింద ధర కోస్తుంటే ఎవరు అడగాలి, ఇవన్నీ ఒడ్డు మీద పనులే కదన్నా.

జువ్వలదిన్నె బోటు:
ధర దగ్గర నీ మాట ఒప్పుకుంటా అక్కా. మా ఇంట్లో కూడా నేను తెచ్చిన చందువా రేటు మా అమ్మే చెప్తాది, నాకు తెలవదు. వల కన్ను సంగతి మాత్రం మగోళ్ళు కూర్చుని తేల్చుకోవాల్సిందే, లక్షలు పోసి కొన్న వల ఊరికే పక్కన పెట్టమంటే ఎవరు పెడతారు?

కొత్తపట్నం అమ్మాయి:
ఆ లక్షల్లో మా అమ్మ డ్వాక్రా లోను కూడా ఉందన్నా. ఈ వారం సభ్యత్వం కోసం 14 మంది ఆడోళ్ళం కలిసి అర్జీ పెడుతున్నాం, సంఘం వాళ్ళు తీసుకుంటారో లేదో ఇక్కడే రాస్తాను.