చిన్న కార్యాలయానికి ఏ బ్యాకప్ పద్ధతి సరిపోతుంది?

ప్రశ్న

మిత్రులకు నమస్కారం. మాది ఎనిమిది కంప్యూటర్లున్న చిన్న వ్యాపార కార్యాలయం. ఖాతాల సాఫ్ట్‌వేర్ డేటా అంతా ఒకే కంప్యూటర్‌లో ఉంటుంది, మిగిలినవారు నెట్‌వర్క్ ద్వారా దానిలోనే పని చేస్తారు. ఇన్‌వాయిస్‌లు, కొటేషన్లు, ఒప్పందాల స్కాన్ ప్రతులు కూడా ఆ కంప్యూటర్‌లోని షేర్డ్ ఫోల్డర్‌లోనే ఉన్నాయి. అన్నీ కలిపి సుమారు 450 జీబీ అవుతుంది. దానికి ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ ఎప్పుడూ తగిలించే ఉంటుంది. సాయంత్రం వెళ్లేముందు ఎవరికి గుర్తుంటే వారు ఫోల్డర్లను అందులోకి కాపీ చేస్తారు.

దీన్ని ఒక పద్ధతిలో పెట్టాలని అనుకుంటున్నాము. రెండు డిస్కులున్న న్యాస్ పెట్టె (నెట్‌వర్క్‌కు తగిలించి అందరూ వాడుకునే నిల్వ పరికరం) కొనడమా, క్లౌడ్ బ్యాకప్ సేవ తీసుకోవడమా, లేక ఇప్పటిలాగే యూఎస్‌బీ డిస్కులతో, కాకపోతే మరింత క్రమంగా చేయడమా అనేది తేల్చుకోలేకపోతున్నాము. కంప్యూటర్ల పని చూసుకోవడానికి ప్రత్యేకంగా ఉద్యోగి లేరు. ఇంటర్నెట్ అప్‌లోడ్ వేగం 20 ఎంబీపీఎస్, డౌన్‌లోడ్ 100 ఎంబీపీఎస్. అనుభవమున్నవారు దయచేసి సలహా ఇవ్వగలరు.

మొదటి సమాధానం

నమస్కారమండి. ఏ పరికరం కొనాలన్నది తరువాత చూద్దాం, ముందు రెండు ప్రశ్నలకు జవాబులు కాగితం మీద రాసుకోండి. ఆ కంప్యూటర్ ఈ మధ్యాహ్నం పూర్తిగా పాడైతే, ఎన్ని గంటల పనిని మళ్లీ చేతితో ఎక్కించుకోగలరు? మళ్లీ బిల్లు వేయడం మొదలుపెట్టడానికి ఎంతసేపు ఆగగలరు? మొదటి జవాబును బట్టి రోజుకు ఎన్నిసార్లు బ్యాకప్ తీయాలో తెలుస్తుంది, రెండవదాన్ని బట్టి ఆ బ్యాకప్ ఎక్కడ ఉండాలో తెలుస్తుంది. ఈ రెండూ తేలకుండా పరికరాలను పోల్చడం మొదలుపెడితే, ఎంత నిల్వ చేయగలదన్న అంకెలు చూసి కొంటారు గానీ, అవసరమైన రోజున ఎంత త్వరగా తిరిగి ఇవ్వగలదో చూసుకోరు.

మీరిచ్చిన వేగాలతోనే లెక్క వేద్దాం. 450 జీబీని 20 ఎంబీపీఎస్‌తో మొదటిసారి క్లౌడ్‌కు ఎక్కించడానికి, లైను పూర్తిగా దానికే వాడినా, 50 గంటలు పడుతుంది. పగలు మీ పనికి లైను వదిలి రాత్రిళ్లు మాత్రమే పంపితే దాదాపు వారం. అది ఒక్కసారి పడే శ్రమే కాబట్టి అభ్యంతరం లేదు. ఆ తరువాత రోజూ మారిన భాగాలు మాత్రమే వెళ్తాయి. 3 జీబీ మారిందనుకుంటే ఇరవై నిమిషాల్లో పూర్తవుతుంది. అసలు ఇబ్బంది తిరుగు ప్రయాణంలో ఉంది. మొత్తం 450 జీబీని 100 ఎంబీపీఎస్‌తో దింపుకోవడానికి తక్కువలో తక్కువ 10 గంటలు, అంటే ఒక పనిదినమంతా. క్లౌడ్ ఒక్కటే ఉంటే ఆ రోజంతా కార్యాలయం ఆగిపోతుంది. దగ్గరలో ఒక డిస్క్ ఉంటే అదే పని మధ్యాహ్న భోజనం లోపు అయిపోవచ్చు.

అందుకే చాలాకాలంగా 3-2-1 అనే నియమం చెబుతూ వస్తున్నారు. డేటా మూడు ప్రతులుగా ఉండాలి, అవి రెండు రకాల నిల్వ సాధనాల మీద ఉండాలి, ఒక ప్రతి కార్యాలయం బయట ఉండాలి. ఈ నియమాన్ని ప్రచారంలోకి తెచ్చినవారు పీటర్ క్రోగ్ అనే ఫొటోగ్రాఫర్. మీ మూడు దారుల్లో ఏ ఒక్కటీ విడిగా ఈ నియమాన్ని నెరవేర్చదు, కాబట్టి ఏదో ఒకటే ఎంచుకోవాలన్న ఆలోచనను పక్కన పెట్టండి. దగ్గర ఒకటి, దూరంగా ఒకటి కావాలి.

ఇప్పుడున్న పద్ధతిలో నన్ను అన్నిటికన్నా కలవరపెడుతున్నది ఆ డిస్క్ ఎప్పుడూ తగిలించి ఉండటం. రాన్సమ్‌వేర్, అంటే ఫైళ్లకు తాళం వేసి డబ్బు డిమాండ్ చేసే హానికర ప్రోగ్రాము, ప్రవేశిస్తే ఆ కంప్యూటర్ రాయగలిగే ప్రతి డ్రైవ్‌నూ తాళం వేసేస్తుంది, విండోస్ తనంతట తాను దాచుకునే షాడో కాపీలను కూడా తొలగిస్తుంది. దానికి మీ అసలు ఫోల్డరూ బ్యాకప్ డిస్కూ ఒకటే. ఈ రోజు సాయంత్రమే కాపీ పూర్తయ్యాక ఆ డిస్క్‌ను తీసి వేరేచోట పెట్టండి; మిగిలిన నిర్ణయాలకు వారం పట్టినా ఫరవాలేదు.

రెండవ సమాధానం

పై సలహాతో ఏకీభవిస్తున్నాను. క్లౌడ్ విషయంలో ఒక తేడాను స్పష్టం చేయాలి, ఎందుకంటే చిన్న కార్యాలయాలు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. గూగుల్ డ్రైవ్, వన్‌డ్రైవ్, డ్రాప్‌బాక్స్ వంటివి ప్రాథమికంగా సింక్ సేవలు. మీ కంప్యూటర్‌లో ఒక ఫైలు తొలగిస్తే అక్కడా తొలగిపోతుంది. ఇక్కడ పాడైతే పాడైన ప్రతే అక్కడికి వెళ్తుంది. పాత వెర్షన్లు, చెత్తబుట్ట ఉంటాయి నిజమే, కానీ వాటికి గడువు ఉంటుంది. ఉదాహరణకు గూగుల్ డ్రైవ్ చెత్తబుట్టలో ఫైలు ఉండేది 30 రోజులే. సంవత్సరాంతపు లెక్కలు చూసేటప్పుడు నాలుగు నెలల కిందట ఎవరో పొరపాటున తీసేసిన ఒప్పందం కావలసివస్తే ఆ 30 రోజులు ఎందుకూ పనికిరావు.

బ్యాకప్ సేవ అంటే ప్రతులను తేదీలవారీగా దాచేది. సేవను ఎంచుకునేటప్పుడు ఎంత స్థలం ఇస్తారన్న ప్రశ్న కన్నా ఎంత వెనక్కి వెళ్లగలమన్న ప్రశ్న ముందు అడగండి. గత ఏడు రోజులకు రోజుకొకటి, గత నెలకు వారానికొకటి, గత సంవత్సరానికి నెలకొకటి చొప్పున ప్రతులు నిలిచి ఉండేలా అమర్చుకుంటే మీవంటి కార్యాలయానికి చాలు. నిర్ణీత గడువు వరకు ఎవరూ, ఖాతా యజమాని కూడా, ఆ ప్రతులను చెరపలేకుండా తాళం వేసే సదుపాయం ఉంటే మరీ మంచిది. అమెజాన్ ఎస్3 నిల్వలో ఆబ్జెక్ట్ లాక్ పేరుతో 2018 నుంచి అది ఉంది. తరువాత ఇతర సంస్థలూ అందించాయి.

ఒక్క సంగతి మాత్రం మరవకండి. క్లౌడ్ కూడా చివరికి ఎక్కడో ఒక భవనంలో ఉన్న యంత్రాలే. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ సంస్థ డేటా సెంటర్లలో ఒకటి అగ్నికి ఆహుతైనప్పుడు, అసలు డేటానూ బ్యాకప్‌నూ అక్కడే ఉంచుకున్న వినియోగదారులు రెండూ పోగొట్టుకున్నారు.

అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. డిస్క్ తీసి వేరేచోట పెట్టాము. మరో రెండు సందేహాలు. న్యాస్‌లో రెండు డిస్కులు ఒకదానికొకటి అద్దంలా ఉంటాయి కదా, అవి రెండు ప్రతుల కింద లెక్కకు రావా? అలాగే ఖాతాల సాఫ్ట్‌వేర్ రోజంతా తెరిచే ఉంటుంది, రాత్రి కూడా ఒక్కోసారి మూయడం మరచిపోతారు. తెరిచి ఉన్న డేటాను కాపీ చేస్తే ఇబ్బంది ఉంటుందా?

మొదటి సమాధానమిచ్చినవారు

రావండి. అద్దం పద్ధతి, అంటే రెయిడ్ 1, కాపాడేది ఒక డిస్క్ యంత్రపరంగా చెడిపోయినప్పుడు మాత్రమే. ఒక డిస్క్‌లో ఫైలు తొలగించిన క్షణమే రెండవదానిలోనూ తొలగిపోతుంది. పెట్టె దొంగతనానికి గురైనా, పిడుగుపాటుకు కాలిపోయినా రెండూ ఒకేసారి పోతాయి. పని ఆగకుండా ఉండటానికి రెయిడ్ ఉపయోగపడుతుంది. బ్యాకప్ లెక్కలో ఆ పెట్టె మొత్తం ఒక్క ప్రతే.

రెండవ సందేహం చాలా ముఖ్యమైనది. డేటాబేస్ తెరిచి ఉండగా ఫైళ్లను మామూలుగా కాపీ చేస్తే, ఒక ఫైలు ఏడు గంటల నాటిదీ దాని ఇండెక్స్ ఫైలు ఏడు గంటల ఐదు నిమిషాల నాటిదీ అయ్యే అవకాశముంది. కాపీ పూర్తయినట్టే కనిపిస్తుంది, ఫైలు పరిమాణం కూడా సరిగానే ఉంటుంది, తెరిచినప్పుడు మాత్రం లెక్కలు పొంతన కుదరవు, లేదా అసలు తెరుచుకోదు. దీని కోసమే విండోస్‌లో వాల్యూమ్ షాడో కాపీ అనే సేవ ఉంది. అది ఒక క్షణంలో డ్రైవ్ ఎలా ఉందో అలా పట్టి ఉంచుతుంది, బ్యాకప్ సాఫ్ట్‌వేర్ ఆ స్థిరమైన చిత్రం నుంచి చదువుకుంటుంది. మీరు ఎంచుకునే సాఫ్ట్‌వేర్ దీన్ని వాడుతుందో లేదో చూడండి. దానికి తోడు, ఖాతాల సాఫ్ట్‌వేర్‌లోనే బ్యాకప్ ఆదేశం ఉంటే రోజూ ఒక వేళకు దానిచేత ఒక ప్రతి వేరే ఫోల్డర్‌లో పెట్టించి, ఆ ఫోల్డర్‌ను కూడా బ్యాకప్‌లో చేర్చండి. తన డేటాను ఎప్పుడు, ఎలా మూటగట్టాలో ఆ సాఫ్ట్‌వేర్‌కే బాగా తెలుసు.

మూడవ సమాధానం

నేను కొంచెం విభేదిస్తాను. ముఖ్యమైన డేటా అంతా ఒకే కంప్యూటర్‌లో, అదీ 450 జీబీయే ఉన్నప్పుడు, చూసుకునే మనిషి లేని చోటికి న్యాస్ తీసుకురావడం మంచిదని నేననుకోను. న్యాస్ కూడా ఒక కంప్యూటరే. దానికి అప్‌డేట్లు వేయాలి, పాస్‌వర్డ్‌లు చూసుకోవాలి, హెచ్చరికలు చదవాలి. ఇంటి నుంచి ఫైళ్లు చూసుకోవచ్చని దాన్ని నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచి వదిలేసినవారు చాలామంది ఉన్నారు. 2022 జనవరిలో వెలుగులోకి వచ్చిన డెడ్‌బోల్ట్ రాన్సమ్‌వేర్ అలా తెరిచి ఉన్న క్యూన్యాప్ కంపెనీ న్యాస్ పెట్టెల మీదనే విరుచుకుపడింది.

మీకు నేను సూచించేది మూడు యూఎస్‌బీ డిస్కులు, ఒక క్లౌడ్ బ్యాకప్ సేవ. రెండు కాక మూడు ఎందుకంటే, రెండే ఉంటే బయట ఉన్నదాన్ని తెచ్చి మార్చే వేళకు రెండూ కార్యాలయంలోనే ఉంటాయి. మూడు ఉంటే ఒకటి తప్పక బయటే ఉంటుంది. ప్రతి డిస్క్ మీద అంకె వేసిన కాగితం అంటించి, మార్చిన తేదీ, సంతకం పడేలా ఒక చిన్న పుస్తకం పెట్టండి. డిస్కులను ఎన్‌టీఎఫ్ఎస్ పద్ధతిలో ఫార్మాట్ చేయండి. ఫ్యాట్32లో 4 జీబీ మించిన ఫైలు పట్టదు, బ్యాకప్ ఫైళ్లు సాధారణంగా అంతకన్నా పెద్దవే. ఏళ్ల తరబడి అలమరలో పడి ఉండే ప్రతికి ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని, చిప్‌లలో డేటా దాచే డిస్క్) కన్నా మామూలు హార్డ్ డిస్కే నయం, విద్యుత్తు అందకుండా చాలాకాలం ఉంటే ఎస్ఎస్‌డీలో డేటా క్షీణించవచ్చు.

సాఫ్ట్‌వేర్‌గా వీమ్ ఏజెంట్ ఉచిత ఎడిషన్ పరిశీలించండి. షాడో కాపీని వాడుతుంది, మారిన భాగాలనే తీసుకుంటుంది, బ్యాకప్ ముగియగానే యూఎస్‌బీ డిస్క్‌ను తనంతట తానే ఎజెక్ట్ చేసే అమరిక కూడా ఉంది. ఎవరైనా తీయడం మరచిపోయినా ఆ రాత్రికి కొంత రక్షణ ఉంటుంది.

మొదటి సమాధానమిచ్చినవారు

ఈ కార్యాలయం వరకు మీ మాటే సబబు అనిపిస్తోంది. ఎనిమిది కంప్యూటర్లలోనూ విడివిడిగా ముఖ్యమైన డేటా ఉండి ఉంటే న్యాస్ వైపే మొగ్గేవాడిని. అయితే డిస్కులు మార్చడం మనిషి జ్ఞాపకం మీద ఆధారపడిన పని కాబట్టి, రోజువారీ బాధ్యతను దానిమీద పెట్టవద్దు. రోజూ తనంతట తాను నడిచేది క్లౌడ్ బ్యాకప్ కావాలి. డిస్కులు వారానికి రెండుసార్లు మారినా చాలు.

ఇక తిరిగి తెచ్చుకునే పరీక్ష. దీన్ని ఎవరూ ఇంతవరకు ప్రస్తావించలేదు, నా దృష్టిలో పరికరం ఎంపిక కన్నా ఇదే పెద్ద విషయం. 2017 జనవరి 31న, ప్రోగ్రాముల కోడ్ దాచుకునే సేవ అందించే గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజనీరు పొరపాటున ప్రధాన డేటాబేస్ ఉన్న డైరెక్టరీని తొలగించారు. బ్యాకప్‌ల కోసం వెతికితే రోజువారీ ప్రతులు లేనే లేవని తేలింది. డేటాబేస్ 9.6 వెర్షన్‌లో ఉంటే, బ్యాకప్ తీసే ప్రోగ్రాము 9.2 వెర్షన్‌ది కావడంతో అది విఫలమవుతూ వచ్చింది. విఫలమైందని చెప్పే ఈమెయిళ్లు కూడా మధ్యలోనే తిరస్కరణకు గురై ఎవరికీ చేరలేదు. మరో పని కోసం ఆరు గంటల ముందు తీసిన స్నాప్‌షాట్ (ఆ క్షణంలో డేటా ఉన్నదున్నట్టు పట్టి ఉంచిన ప్రతి) ఒకటి దొరకబట్టి గట్టెక్కారు. నిపుణులతో నిండిన సంస్థకే అలా జరిగింది కాబట్టి, బ్యాకప్ విజయవంతమైందన్న పచ్చ గుర్తును మాత్రమే నమ్ముకుని ఉండవద్దు.

మీరు చేయవలసింది ఇది. నెలకొకసారి, సాయంత్రం లెక్కలు ముగిశాక ట్రయల్ బ్యాలెన్స్ ఒక కాగితం మీద ప్రింట్ తీసి, చివరి ఇన్‌వాయిస్ సంఖ్యను దానిమీదే రాయండి. ఆ రాత్రి బ్యాకప్ పూర్తయ్యాక, మరునాడు వేరొక కంప్యూటర్‌లో ఖాతాల సాఫ్ట్‌వేర్ పెట్టి, డిస్క్ నుంచి డేటాను అందులోకి రిస్టోర్ చేసి తెరవండి. చివరి ఇన్‌వాయిస్ సంఖ్య అదేనా, ముగింపు నిల్వలు పైసాతో సహా సరిపోయాయా చూడండి. స్కాన్ చేసిన ఒప్పందాల్లో ఏవైనా నాలుగు తెరిచి చివరి పేజీ వరకు చదవగలుగుతున్నారేమో చూడండి. మొదలుపెట్టిన వేళ, ముగించిన వేళ ఆ కాగితం మీదే రాస్తే, మొదట అడిగిన రెండవ ప్రశ్నకు ఊహతో కాక అనుభవంతో జవాబు దొరుకుతుంది. క్లౌడ్ ప్రతిని మూడు నెలలకొకసారి ఇలాగే పరీక్షించినా చాలు.

అడిగినవారు

చాలా స్పష్టత వచ్చింది. మూడు డిస్కులు, ఒక క్లౌడ్ బ్యాకప్ సేవ తీసుకుంటున్నాము. డిస్కులు మార్చి పుస్తకంలో సంతకం చేసే బాధ్యత ఖాతాల విభాగంలో ఒకరికి, వారు సెలవులో ఉంటే మరొకరికి అప్పగించాము. ఆఖరుగా ఒక్క మాట. డిస్క్ ఒకరి ఇంటికి వెళ్తుంది కదా, దారిలో పోతే వినియోగదారుల వివరాలు పరుల చేతిలో పడవా?

రెండవ సమాధానమిచ్చినవారు

పడతాయి, అందుకే ఎన్‌క్రిప్షన్ (కీ లేనివారు చదవలేనట్టు డేటాను మార్చడం) లేకుండా డిస్క్‌ను గడప దాటించవద్దు. విండోస్ ప్రో ఉంటే అందులోనే ఉండే బిట్‌లాకర్‌తో డిస్క్ మొత్తాన్ని ఎన్‌క్రిప్ట్ చేయవచ్చు. హోమ్ ఎడిషన్‌లో అలా ఎన్‌క్రిప్ట్ చేసిన డిస్క్‌ను తెరవగలరు గానీ కొత్తగా చేయలేరు. అప్పుడు బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌లో ఉండే ఎన్‌క్రిప్షన్ అమరికను వాడుకోండి. క్లౌడ్ సేవలో కూడా కీ మీ చేతిలోనే ఉండే పద్ధతి ఉంటే దాన్నే ఎంచుకోండి, కానీ ఆ కీ పోతే సేవా సంస్థ కూడా మీ డేటాను తెరవలేదని గుర్తుంచుకోండి.

కాబట్టి పాస్‌వర్డ్, రికవరీ కీ రెండింటినీ ప్రింట్ తీసి, ఒక ప్రతి యజమాని దగ్గర, మరొకటి కార్యాలయం బయట భద్రమైన చోట ఉంచండి. కీని ఆ కంప్యూటర్‌లోని ఫైలులోనే దాచుకుంటే, కంప్యూటర్ పోయిన రోజున కీ కూడా దానితోనే పోతుంది. వచ్చే నెల రిస్టోర్ పరీక్షను ఆ కాగితం చూసి కీ కొట్టడంతోనే మొదలుపెట్టండి. ఒక అక్షరం తప్పుగా పడి ఉంటే ఆ రోజే తెలిసిపోతుంది.