పెద్దయ్యాక ఆటిజం అసెస్‌మెంట్: చిన్నప్పటి వివరాలు ఎలా రాబట్టాలి?

రెండోబెంచి:

నమస్తే అండీ. వయసు 34. ఇంకో మూడు వారాల్లో హైదరాబాద్‌లో ఆటిజం అసెస్‌మెంట్ ఉంది. ఆన్‌లైన్‌లో ఏక్యూ, ర్యాడ్స్-ఆర్ అనే ఆటిజం ప్రశ్నావళులు చేసుకుంటే మొదటిదాంట్లో 37, రెండోదాంట్లో 141 వచ్చాయి. సైకాలజిస్ట్ గారు "మీ చిన్నతనం తెలిసినవాళ్లను తీసుకురండి, కుదరకపోతే రాసుకురండి" అన్నారు. నాన్నగారు లేరు. అమ్మ ఊళ్లో ఉంటుంది, ప్రయాణం చేయలేదు. ఫోన్‌లో అడిగితే "బాగానే ఉండేదానివి, కాస్త మొండిదానివి, అంతే" అంటోంది.

ఇప్పటి ఇబ్బందులు చెబితే చాలదా? 30 ఏళ్ల కిందటి సంగతులకు అంత పట్టింపు ఎందుకు? అమ్మను ఏం అడగాలి, ఎలా అడగాలి? ఈ స్కోర్లకు అక్కడ విలువుంటుందా? రిపోర్టు చేతికొస్తే వైకల్య సర్టిఫికెట్ కూడా వచ్చినట్టేనా?

వేపపూత:

రెండోబెంచి గారూ, ఆటిజం పుట్టుకతో ఉండేదే తప్ప పాతికేళ్లకో ముప్పై ఏళ్లకో మొదలయ్యేది కాదు. అందుకే చిన్నతనం అడుగుతారు. మానసిక సమస్యలను నిర్ధారించడానికి నిపుణులు వాడే పుస్తకం డీఎస్ఎం-5. అందులో ఆటిజం ప్రమాణాల మొదటి భాగం మనుషులతో మెలగడం గురించి. మాట ఇచ్చిపుచ్చుకోవడం; చూపు, ముఖం, చేతులతో చెప్పుకోవడం; స్నేహాలు కలుపుకుని నిలుపుకోవడం; ఈ మూడింటిలోనూ ఇబ్బంది కనపడాలి. రెండో భాగంలో నాలుగింటికి రెండు ఉంటే చాలు: ఒకే రకం కదలికలు లేదా మాటలు; మార్పు పడకపోవడం; ఒకే విషయంలో మునిగిపోవడం; శబ్దం, వెలుతురు, స్పర్శ లాంటివి అతిగానో బొత్తిగా తక్కువగానో తెలియడం. ఇవన్నీ చిన్నతనం నుంచే ఉండాలన్నది మూడో భాగం.

అక్కడే రెండు వెసులుబాట్లు ఉన్నాయి, చాలామంది చూడరు. చుట్టూ ఉన్నవాళ్లు ఆశించేది మన శక్తికి మించేదాకా లక్షణాలు పూర్తిగా బయటపడకపోవచ్చని, నేర్చుకున్న పద్ధతులు వాటిని కప్పేయొచ్చని అందులోనే రాసుంది. ఇప్పుడు కనపడకపోయినా ఒకప్పుడు ఉన్నవీ లెక్కలోకి వస్తాయి.

ఇక అమ్మగారి సంగతి. "నేను తేడాగా ఉండేదాన్నా?" అని మాత్రం అడక్కండి. ఆవిడకు అది తన పెంపకం మీద ప్రశ్నలా వినపడుతుంది, "లేదు" అనే వస్తుంది. లక్షణాల పేర్లూ ఎత్తొద్దు. ఒక్కో సందర్భం గుర్తు చేసి, అప్పుడేం జరిగేదో చెప్పించండి. కాలం పట్టుకోవడానికి ఆవిడకు గుర్తుండే గుర్తులే వాడండి: అన్నప్రాసన, అక్షరాభ్యాసం, తమ్ముడు పుట్టకముందా తర్వాతా, అమ్మమ్మ ఊళ్లో వేసవి సెలవులు. "మూడేళ్లప్పుడు" అంటే ఎవరికీ గుర్తుకు రాదు, "తమ్ముడు కడుపులో ఉన్నప్పుడు" అంటే వస్తుంది.

అడగాల్సినవి ఇలాంటివి. చందమామను చూపించి అన్నం పెడుతుంటే చందమామ వంక చూసేదాన్నా, నీ వేలు వంక చూసేదాన్నా? నాకు నచ్చింది కనిపిస్తే వేలు పెట్టి చూపించేదాన్నా, నీ చెయ్యి పట్టుకుని లాక్కెళ్లేదాన్నా? పేరు పెట్టి పిలిస్తే తిరిగేదాన్నా? చెవులు వినపడవేమోనని ఎప్పుడైనా డాక్టరుకు చూపించారా? (చూపించి, చెవులు బాగున్నాయని తేలి ఉంటే అది చాలా పనికొచ్చే వివరం.) వంటపాత్రల బొమ్మలతో ఉత్తుత్తి వంట చేసి నీకు వడ్డించేదాన్నా, లేక వాటిని వరసగా పేర్చుకుంటూ కూర్చునేదాన్నా? స్కూలుకు వేరే దారిన తీసుకెళ్తే ఏం చేసేదాన్ని? చుట్టాలొస్తే ఎక్కడుండేదాన్ని?

జవాబు వచ్చాక అక్కడితో ఆపకండి. ఒక ఉదాహరణ చెప్తాను. "తలంటు అంటే ఇల్లు ఎగరగొట్టేదానివి" అని అమ్మలంతా అంటారు. కుంకుడు రసం కంట్లో పడితే ఏ పిల్లయినా ఏడుస్తుంది, దానివల్ల ఏమీ తేలదు. ఒట్టి నీళ్లు పోసినా ఏడ్చేదా? దువ్వెన పెట్టినా, జడ వేసినా అంతేనా? ఎన్నేళ్లు వచ్చేదాకా సాగింది? తమ్ముడికీ అలాగే ఉండేదా? ఈ నాలుగూ అడిగితేనే అది స్పర్శకు సంబంధించిందా, కంటి మంటా అన్నది తెలుస్తుంది. పట్టులంగా జరీ అంచు, పెరుగన్నం తప్ప ఏదీ తినకపోవడం, కూరలో ముక్క తగిలితే కక్కుకోవడం, అన్నిటికీ ఇదే పద్ధతి.

పెద్దవాళ్లు వాడిన మాటలను ఉన్నవి ఉన్నట్టు రాసుకోండి. "మొండి" అంటే చాలాసార్లు మార్పు పడకపోవడం. "పెద్ద ఆరిందాలా మాట్లాడేది" అంటే వయసుకు మించిన పుస్తకభాష కావచ్చు. "నెమ్మదస్తురాలు, ఎవరి జోలికీ పోదు" అని ఆడపిల్లలను మెచ్చుకుంటారు కదా, ఆ మెచ్చుకోలు వెనక ఒక్క స్నేహితురాలూ లేకపోవడం ఉండొచ్చు. మొండితనం ఏ సందర్భంలో వచ్చేదో చెప్పమనండి, అసలు వివరం అప్పుడు బయటికొస్తుంది.

ఇంట్లోవాళ్లు మీకోసం ఏం సర్దుకున్నారో కూడా అడగండి. కొట్టుకు తమ్ముణ్ణే పంపేవారా? పెళ్లిళ్లలో అమ్మమ్మ మిమ్మల్ని తీసుకుని వెనక గదిలో కూర్చునేదా? అలా కాచుకునే మనుషులు చుట్టూ ఉంటే ఇబ్బంది పైకి కనపడదు. ఇబ్బంది లేదని కాదు.

గోదారిగట్టు:

వేపపూత గారు చెప్పినదానికి ఇంకొకటి కలుపుతాను. అమ్మ ఒక్కరే దిక్కు కాదు. మేనత్త, పెద్దమ్మ, పక్కింటివాళ్లు, ఒకటో రెండో తరగతి టీచరు గారు ఎవరైనా సరే. అంతకన్నా గట్టి సాక్ష్యం పాత పెళ్లి వీడియోలు. 90ల్లో తీసిన క్యాసెట్లు చాలా ఇళ్లలో ఉన్నాయి, సీడీలోకి ఎక్కించే స్టూడియోలు ఇప్పటికీ దొరుకుతాయి. తాళి కట్టేటప్పుడు గట్టిమేళం మొదలవుతుంది చూడండి, ఆ క్షణంలో పిల్లలు ఏం చేస్తున్నారో గమనించండి. చెవులు మూసుకున్నారా, అందరూ చూస్తున్న వైపు చూస్తున్నారా, పక్క పిల్లలతో ఉన్నారా, వేళ్లు ఆడించుకుంటున్నారా? నిమిషం, సెకను రాసుకుని ఆ ముక్క మాత్రం ఫోన్‌లో పెట్టుకెళ్లండి. మనిషి జ్ఞాపకం మారుతుంది కానీ వీడియో మారదు. ప్రోగ్రెస్ కార్డుల్లో మార్కులకన్నా టీచరు రాసిన మాటలు చూడండి.

ఇవన్నీ నాలుగు గళ్ల పట్టికగా రాయండి: వయసు, సందర్భం, ఏం చేశారు, ఎవరు చెప్పారు. రెండు పేజీలు దాటనివ్వకండి. ముప్పై పేజీలు పట్టుకెళ్తే ఎవరూ చదవలేరు, అసలు సంగతి అందులో మునిగిపోతుంది. ఇప్పటి ఇబ్బందులకు విడిగా ఒక పేజీ. "శబ్దాలు పడవు" అని రాయకండి. "మిక్సీ వేసేటప్పుడు వేరే గదిలోకి వెళ్లాలి, వారంలో నాలుగు రోజులు ఆఫీసు క్యాంటీన్ వదిలేసి మెట్ల మీద తినాలి" అని రాయండి. జీవితానికి ఎంత అడ్డం అన్నది కూడా వాళ్లు తేల్చాల్సిన ప్రమాణమే.

స్కోర్ల విషయం. ఏక్యూలో 50 ప్రశ్నలు, 32 గానీ అంతకు మించి గానీ వస్తే అనుమానించమంటారు. ర్యాడ్స్-ఆర్‌లో 80, అక్కడ గీత 65. ఏడీహెచ్‌డీ (ధ్యాస, నిలకడ కుదరకపోవడం), సోషల్ యాంగ్జైటీ (నలుగురిలో భయం) ఉన్నవాళ్లకూ ఇవి ఎక్కువగానే వస్తాయి, కాబట్టి మొత్తం అంకెను పట్టుకుని ఏమీ తేల్చరు. పైగా ర్యాడ్స్-ఆర్ అసలు నిపుణుడి ఎదుట కూర్చుని చేయాల్సింది. అయినా మీ జవాబులు పారేయకండి. అందులో ప్రతి ప్రశ్నకూ "ఇప్పుడూ, చిన్నప్పుడూ", "ఇప్పుడు మాత్రమే", "16 ఏళ్లలోపు మాత్రమే", "ఎప్పుడూ లేదు" అని నాలుగు గడులు ఉంటాయి. "16 ఏళ్లలోపు మాత్రమే" అని పెట్టినవాటిని విడిగా తీయండి. అవి నిజంగా పోయాయా, దాచడం నేర్చుకున్నారా? మాస్కింగ్ (లక్షణాలను పైకి కనపడకుండా దాచుకోవడం) అనేది చాలావరకు అక్కడే దొరుకుతుంది. "ఇప్పుడు మాత్రమే" అన్నవి ఎక్కువుంటే డిప్రెషన్, థైరాయిడ్, ఏదైనా పెద్ద దెబ్బ లాంటి వేరే కారణాలు కూడా చూడమని మీరే అడగండి.

యాంగ్జైటీకీ ఆటిజానికీ తేడా తెలుసుకోవడానికి ఒక ప్రశ్న బాగా పనిచేస్తుంది. భయం లేని చోట, బాగా దగ్గరివాళ్లతో ఉన్నా మాట ఎప్పుడు ఆపాలి, ఎదుటివాళ్లు విసుగుపడ్డారా అన్నది లెక్కవేసుకోవాల్సి వస్తోందా? భయమే కారణమైతే భయం తగ్గగానే మాట సాఫీగా వస్తుంది. ఆటిజంలో ఇష్టమైనవాళ్లతో గడిపినా తర్వాత అలసట ఉంటుంది. రెండూ కలిసి ఉండటమూ మామూలే. ఏడీహెచ్‌డీ, ఆటిజం రెండూ ఒకే మనిషికి రాయొచ్చని 2013లో వచ్చిన డీఎస్ఎం-5లో గానీ ఒప్పుకోలేదు.

వెళ్లేముందు రిసెప్షన్‌కు ఫోన్ చేసి నాలుగు అడగండి: పెద్దవాళ్లకు చేసిన అనుభవం ఉందా, ఏ టూల్ వాడతారు (అడోస్-2 అంటే మనిషిని ఎదురుగా గమనిస్తూ చేసే ఆటిజం పరీక్ష, పెద్దవాళ్లకు అందులో మాడ్యూల్ 4), ఎన్ని సిట్టింగులు, రాతపూర్వక రిపోర్టు ఇస్తారా. సైకాలజిస్ట్‌కు ఆర్‌సీఐ (రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూసుకోండి. "కళ్లలోకి చూసి మాట్లాడుతున్నారు, ఉద్యోగం చేస్తున్నారు, ఆటిజం కాదు" అని పది నిమిషాల్లో తేల్చేస్తే అది అసెస్‌మెంట్ కాదు, ఇంకొకరి దగ్గరికి వెళ్లండి. అసెస్‌మెంట్ రోజున ఇంటర్వ్యూకి తయారైనట్టు తయారవకండి. చూపు కలపడం బలవంతంగా చేస్తుంటే "ఇది బలవంతంగా చేస్తున్నాను" అని అక్కడే చెప్పండి.

కృష్ణలంక92:

సర్టిఫికెట్ ప్రశ్నకు నేను చెప్తాను. రిపోర్టు వేరు, సర్టిఫికెట్ వేరు. ఈ తేడా తెలియక చాలామంది నిరాశపడతారు.

సర్టిఫికెట్ ఇచ్చేది ప్రభుత్వ ఆసుపత్రి బోర్డు, యూడీఐడీ (వైకల్య గుర్తింపు కార్డు) పోర్టల్‌లో దరఖాస్తు చేసుకోవాలి. వైకల్య శాతం లెక్కకు ఐఎస్ఏఏ అనే ఆటిజం కొలమానం వాడతారు, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థలోనే తయారైంది. 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5. ఆ ప్రవర్తన 20 శాతం సమయంలోపే కనిపిస్తే 1, 80 శాతం దాటితే 5. మొత్తం 70 కన్నా తక్కువైతే ఆటిజం లేనట్టే లెక్క. చిక్కంతా ఇక్కడే ఉంది. ఎంతసేపు బయటికి కనపడుతోందన్నదే ఈ కొలత. 30 ఏళ్లుగా అణచుకోవడం నేర్చుకున్న మనిషికి ఎక్కువ అంశాల్లో 1, 2 పడతాయి. అలా తక్కువ వచ్చినంత మాత్రాన సైకాలజిస్ట్ రాసిన నిర్ధారణ తప్పయిపోదు. బోర్డుకు కూడా ఆ రెండు పేజీలు పట్టుకెళ్లండి, ఇంట్లో ఎలా ఉంటారో చెప్పగలిగిన మనిషిని తీసుకెళ్లండి.

40 శాతం వస్తే 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో, మేధో వైకల్యం, మానసిక అనారోగ్యం లాంటివాటితో కలిపి ఒక శాతం రిజర్వేషన్ వర్తిస్తుంది. పాత ఆదాయపు పన్ను విధానంలో ఉన్నవాళ్లకు పన్ను లెక్కకు వచ్చే ఆదాయంలో 75,000 రూపాయల తగ్గింపు, వైకల్యం 80 శాతం గానీ అంతకు మించి గానీ ఉంటే 1,25,000. ఇవేవీ మీకు అక్కర్లేదనుకుంటే రిపోర్టుతో ఆగిపోవచ్చు.

ఇంకో మాట. చిన్నప్పటి కాగితాలేవీ లేవని దిగులుపడకండి. 1995 చట్టం గుర్తించిన ఏడు వైకల్యాల్లో ఆటిజం లేనే లేదు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టంలో వచ్చింది, 2016 చట్టంలో 21లో ఒకటిగా చేరింది. గడగడా మాట్లాడుతూ మంచి మార్కులు తెచ్చుకునే ఆడపిల్లను 90ల్లో ఎవరూ ఆ దృష్టితో చూడలేదు.

రెండోబెంచి:

అందరికీ ధన్యవాదాలండీ. మళ్లీ ఫోన్ చేసి దారి గురించీ, జడ గురించీ అడిగాను. చాలా వచ్చాయి, రాసుకున్నాను. కానీ చివర్లో "ఇవన్నీ ఎందుకు అడుగుతున్నావు, నేనేమైనా తప్పు చేశానా?" అంది. ఏం చెప్పాలి? ఇంకొకటి, రిపోర్టు వచ్చాక ముందు దేనితో మొదలుపెట్టాలి?

వేపపూత:

ఆటిజం పెంపకం వల్ల రాదు, ఇది రుజువైన సంగతి. ఆ మాటే ముందు చెప్పండి. తర్వాత ఆవిడ చేసిన మంచి పని ఒకటి పేరు పెట్టి చెప్పండి. "నాకు ముక్కలు తగిలితే పడదని విడిగా పప్పు రుబ్బి పెట్టేదానివి కదా, అది నాకు నిజంగా అవసరమే అని ఇప్పుడు తెలిసింది" అన్నట్టు. ఆటిజం అనే పేరు తర్వాత చెప్పొచ్చు. ఒక్క ఫోన్‌లో అంతా చెప్పాలని లేదు.

సన్నజాజి:

రిపోర్టు వచ్చిన నెలలో ఉద్యోగం మానడం, అందరికీ ప్రకటించడం లాంటివి పెట్టుకోకండి. మొదటి రెండు వారాలు రాసుకోవడమే పని. రోజుకు మూడుసార్లు, మధ్యాహ్నం, ఆఫీసు నుంచి రాగానే, పడుకునేముందు, ఎంత ఓపిక ఉందో 10కి ఒక అంకె వేసి, అంతకుముందు రెండు గంటల్లో ఏం జరిగిందో ఒక్క ముక్క రాయండి. ఓపిక ఎక్కడ కారిపోతోందో దాదాపు ఎప్పుడూ అనుకున్న చోట కాకుండా వేరే చోట తేలుతుంది. మీటింగ్ అనుకుంటాం, తీరా చూస్తే ఆ గదిలో ట్యూబ్‌లైటు.

తర్వాత వారానికి ఒక్కటే మార్చండి. నాలుగు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు, పైగా మార్పే ఒక బరువు. ఇయర్‌ప్లగ్‌లు పెట్టుకుంటే రోజంతా వద్దు, శబ్దం ఉన్నంతసేపే. ఎప్పుడూ పెట్టుకునే ఉంటే మామూలు శబ్దాలూ ఇంకా గట్టిగా వినపడటం మొదలవ్వొచ్చు. ఇల్లు చేరగానే 20 నిమిషాలు మాటలు, ఫోన్ లేకుండా, లైటు తగ్గించి ఉండటం చాలామందికి బాగా పనిచేస్తుంది. "అలిగి తలుపేసుకుంది" అనుకోకుండా ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి ఉంచండి. ఆకలి, దాహం తెలియనివాళ్లకు అలారం కొన్నాళ్లకే వినపడటం మానేస్తుంది. దానికన్నా లీటరు సీసా కళ్లెదురుగా పెట్టుకుని, మధ్యాహ్నానికి ఖాళీ అయిందా అని చూసుకోవడం మేలు.

ఆఫీసులో ఆటిజం అని చెప్పకుండానే అడగదగ్గవి చాలా ఉన్నాయి: మీటింగ్ అంశాలు ముందురోజు రాతలో పంపడం, నోటిమాటగా చెప్పిన పనిని మెయిల్‌లో ఖాయం చేయడం, గోడకు వీపు ఆనే సీటు. చెప్పి అడగాలనుకుంటే, ప్రైవేటు సంస్థలు కూడా సమాన అవకాశాల విధానం ప్రకటించాలని 2017 నిబంధనల్లో ఉంది. ముందు మీ కంపెనీది తెప్పించుకుని చదవండి.

ఒక్క జాగ్రత్త. నిజం తెలిశాక చాలామందికి కొన్ని నెలలు దుఃఖం, కోపం వస్తాయి. దాంతోపాటు అంతకుముందు వచ్చిన పనులు కూడా చేతకాకపోవడం, మాట రాకపోవడం, వెలుతురు కూడా భరించలేకపోవడం ఉంటే అది ఆటిస్టిక్ బర్నవుట్ కావచ్చు. డిప్రెషన్‌కు చెప్పినట్టు "బయటికి వెళ్లు, నలుగురిలో కలువు" అంటే ఇది ఇంకా ముదురుతుంది. ముందు బరువు దించాలి. రెండూ కలిసి కూడా ఉండొచ్చు కాబట్టి సైకియాట్రిస్ట్‌కు ఈ లక్షణాలు విడివిడిగా చెప్పండి. చనిపోవాలనే ఆలోచన వస్తే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు.