మోటార్ ఆరిపోయాక స్రామ్ క్షిపణి ఎలా మలుపు తిరిగేది?

అందరికీ నమస్కారం. నేను మెకానికల్ ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. సెమినార్ కోసం గాలిలోంచి గాలిలోకి పేల్చే దగ్గరి దూరపు క్షిపణుల గురించి చదువుతూ ఒకచోట ఆగిపోయాను.

బ్రిటన్‌లో హాకర్ సిడ్లీ డైనమిక్స్ తయారుచేసిన స్రామ్, రెక్కల మీద కాకుండా రాకెట్ మంటను పక్కకు మళ్లించి తిరిగేది. అందుకే ప్రయోగ గొట్టంలోంచి బయటికి రాగానే, వేగం ఇంకా అందుకోకముందే పదునైన మలుపు తీసుకోగలిగేది. నాకైతే ఇది అద్భుతంగా అనిపించింది. 1974లో దాన్ని ప్రయోగాత్మక ప్రాజెక్టు స్థాయికి తగ్గించేశారు. అమెరికా నౌకాదళం ఇదే పద్ధతిలో మొదలుపెట్టిన అజైల్ క్షిపణి కూడా 1975లో ఆగిపోయింది.

నా సందేహం ఇది: ఇంధనం అయిపోయాక మళ్లించడానికి మంటే ఉండదు కదా? సోవియట్ ఆర్-73 క్షిపణిలో మంటను మళ్లించే పలకలతో పాటు కదిలే రెక్కలూ ఉన్నాయి, అది అర్థమైంది. మరి స్రామ్ చివరి క్షణాల్లో తప్పించుకునే విమానాన్ని ఎలా వెంటాడేది? మోటార్ మండే సమయంలోనే గురి పూర్తవ్వాలని లెక్క వేశారా?

ఈ రంగంలో పనిచేసినవాళ్లు, ఏరోస్పేస్ చదివినవాళ్లు దయచేసి వివరించండి. సమీకరణాలతో చెప్పినా పర్వాలేదు. వచ్చే సోమవారమే సెమినార్, చాలా టెన్షన్‌గా ఉంది.