ఆరు నెలల ప్రయాణానికి బ్యాగు 40 లీటర్లా, 70 లీటర్లా?

పర్లాకిమిడి_అమ్మాయి:
నమస్కారమండీ. మాది పర్లాకిమిడి. దసరా అయ్యాక పలాసలో రైలెక్కి మేఘాలయ, అరుణాచల్, తర్వాత నేపాల్, చివర్లో వియత్నాం. ఆరు నెలలు, ఒక్కదాన్నే. ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు, బరువు 50 కిలోలు. అన్ని నెలలకి 70 లీటర్ల బ్యాగైతేనే చాలుతుందని మా అన్నయ్య. అమ్మేమో చక్రాల సూట్‌కేసు పట్టుకెళ్లమంటోంది. ఏది కొనమంటారు?

రాయగడ_అక్క:
చెల్లెమ్మా, 40 నుంచి 45 లీటర్లు, అంతకు మించొద్దు. ఆరు నెలలైనా ఏడాదైనా బట్టలు వారానికి సరిపడానే, తర్వాత ఉతుక్కోవడమే.

లీటర్ల కంటే ముందు వీపు కొలుచుకో. తల వంచితే మెడ కింద ఒక ఎముక పొడుచుకొస్తుంది, టేపు అక్కడ పెట్టాలి. రెండు చేతులూ నడుం ఎముకల మీద వేసి, బొటనవేళ్లు వెనక్కి చాపితే అవి ఎదురుపడే చోటిదాకా కొలవాలి. అమ్మని పట్టుకోమను. దర్జీ టేపే వాడు, ఇనప టేపు వీపు వంపుకి వంగదు. బ్యాగు సైజు ఆ కొలతని బట్టి. మగవాళ్ల వీపుకి కుట్టిన పెద్ద బ్యాగు నీకు తగిలిస్తే నడుం పట్టీ కిందకి జారిపోయి బరువంతా భుజాల మీద పడుతుంది. పట్టీ తుంటి ఎముక మీద బిగిస్తేనే బరువు కాళ్లకి దిగుతుంది.

ట్రెక్కింగ్ వాళ్ల లెక్క ఒంటి బరువులో ఐదో వంతు. నీకది 10 కిలోలు. అదీ పైహద్దు, ఎనిమిదిలో ఆగితే మేలు. 70 లీటర్ల బ్యాగు ఖాళీదే రెండు కిలోలు దాటేవి చాలా ఉన్నాయి. పైగా చోటుంటే ఏదో ఒకటి కుక్కుతాం.

విమానంలో చేతి సామాను మన దేశంలో సాధారణంగా 7 కిలోలే. 55×35×25 సెంటీమీటర్లు కొలత పెట్టిన సంస్థ ఉంది, గుణిస్తే 48 లీటర్లు. అది కూడా పెట్టెలా చదరంగా ఉంటేనే. పైన టోపీ, పక్కన జేబులు ఉబ్బిన బ్యాగు అంతకు ముందే ఇరుక్కుంటుంది. వియత్నాం విమానానికి చెకిన్ సామానులో వేసేస్తానంటే పట్టీలు వేలాడకుండా కట్టెయ్యి.

సూట్‌కేసు మాత్రం వద్దమ్మా. అరుణాచల్‌లో సుమో పైకెక్కించాలి, మేఘాలయలో మెట్లు దిగాలి.

బరంపురం_మాస్టారు:
అమ్మాయీ, 55 అయినా ఉండాలంటాను. అరుణాచల్‌లో తవాంగ్ దాదాపు 3,000 మీటర్ల ఎత్తు. చలికాలం మొదట్లో వెళ్తున్నావు, ఉన్ని బట్టలే సగం బ్యాగు తినేస్తాయి.

రాయగడ_అక్క:
మాస్టారూ, చలి సంగతి నిజమే. కానీ ఒక్క లావు కోటు బదులు లోపల థర్మల్, మధ్యలో ఫ్లీస్ (నూగులా మెత్తటి స్వెట్టర్), పైన ఈకలు నింపిన పలచటి డౌన్ జాకెట్ తీసుకుంటే సరి. ఈకల జాకెట్ నలిపితే అన్నం గిన్నెలో పట్టేస్తుంది. నేపాల్ నుంచి మన దేశం మీదుగానే కదా వెళ్తుంది, అవన్నీ ఇంటికి పార్సిల్ చేసెయ్యొచ్చు. తవాంగ్ కోసం వియత్నాం ఎండలో 55 లీటర్లు మొయ్యడం ఎందుకండీ?

సిరోంచ_గోదారి:
అక్క చెప్పింది కరెక్టే. వాన గురించి నేనొక ముచ్చట చెప్త. బ్యాగు మీద తొడిగే రెయిన్ కవర్‌ను నమ్ముకోవద్దు. వీపు తగిలే దిక్కు అది మూసుకోదు, నీళ్లు అటునుంచే దిగుతయ్. లోపలనే మందం పాలిథిన్ సంచి వేసి, అందుల బట్టలు పెట్టి మూతి మెలిపెట్టి కట్టాలె. మా దిక్కు ప్రాణహిత దాటేటోళ్లం అట్లనే కడ్తం.

పర్లాకిమిడి_అమ్మాయి:
అందరికీ థ్యాంక్స్. అమ్మ రెండుసార్లు కొలిచింది, 41 సెంటీమీటర్లు వచ్చింది. ఆదివారం అన్నయ్యతో విశాఖ వెళ్తున్నా. షాపులో ఏం చూడాలక్కా?

రాయగడ_అక్క:
41 అంటే చిన్న సైజే చూడు, లేదా వీపు పట్టీ పైకీ కిందకీ జరిపే రకం. పైనుంచి మాత్రమే తెరిచేది కాకుండా, ముందు జిప్పు పూర్తిగా విప్పుకునేది అడుగు. లేకపోతే రాత్రి రైల్లో ఒక సాక్సు కోసం మొత్తం బయటపెట్టాలి. ఖాళీ బ్యాగు ఎవరికైనా హాయిగానే ఉంటుంది, అందుకని ఎనిమిది కిలోలు లోపల పెట్టించి షాపులోనే పావుగంట తిరుగు. మెట్లుంటే ఎక్కి దిగు. ముందు నడుం పట్టీ బిగించి, ఆ తర్వాతే భుజం పట్టీలు లాగు.

కొన్నాక బియ్యం ప్యాకెట్లు దుప్పట్లో చుట్టి లోపల పెట్టి ఒకరోజు మహేంద్రగిరి వెళ్లిరా. 1,501 మీటర్ల కొండ, మీ జిల్లాలోనే ఉంది. భీముడి గుడి దాకా నడిస్తే ఎక్కడ ఒరుసుకుంటుందో తెలుస్తుంది. బిల్లు పారెయ్యకు, మార్చుకోడానికి గడువెన్నాళ్లో ముందే కనుక్కో.